అంచు మీది బంతి

శివ వేసిన ఆఖరి బంతికి కూడా హరిప్రసాద్ గారి చెయ్యి లేవలేదు.

మొదటి బేస్ దగ్గర, తెల్లగీతకు రెండడుగులు అవతల, మోకాళ్ల మీద అరచేతులు ఆనించి వంగి నిలబడిన సంతోషి ఆ చెయ్యి కోసమే చూసింది. నేలలో పాతిన తెల్లపలక, హోమ్ ప్లేట్ మీదుగా, బ్యాటర్ మోకాలికీ ఛాతీకీ మధ్య బంతి వెళితే అది స్ట్రైక్. ప్లేట్ వెనక ఉన్న అంపైర్ కుడిచెయ్యి లేపి పిడికిలి బిగించి ఆ మాట చెప్తాడు. అలా వెళ్లకపోతే "బాల్" అని నోటితో అంటాడు, చెయ్యి కదలదు. నాలుగు బాల్స్ పడితే బ్యాటర్ బ్యాటు ఎత్తకుండానే మొదటి బేస్‌కు నడిచి రావచ్చు. పుణె బ్యాటర్ ఇప్పుడు అలాగే నడిచి వస్తున్నాడు. హైదరాబాద్ పిచర్ శివ ఆ మధ్యాహ్నం ఊరికే నడిపించిన ఆరో మనిషి అతను.

సంతోషి బ్యాటర్‌ను చూడలేదు. క్యాచర్ హమ్జా గ్లవ్‌ను చూసింది. బంతి ఎక్కడికి రావాలో పిచర్‌కు చెప్పడానికి క్యాచర్ ముందే గ్లవ్ తెరిచి పట్టుకుంటాడు. కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా, మోకాలి ఎత్తున, ప్లేటు అంచు మీద పట్టుకున్నాడు హమ్జా. బంతి వచ్చి అందులోనే పడింది. గ్లవ్ బెత్తెడు కూడా జరగలేదు. రెండు వారాలుగా ఆమె చూస్తూనే ఉంది. ఆ ఒక్క మూలకు వచ్చిన బంతికి హరిప్రసాద్ గారి చెయ్యి లేవడం లేదు. హర్యానా పిచర్లకూ లేవలేదు, పుణె పిచర్లకూ లేవలేదు. కానీ వాళ్లకు వేరే బంతులున్నాయి. ఎడమచేతి వాటం శివకు ఉన్న బతుకంతా ఆ మూలలోనే ఉంది.

కోచ్ మైదానంలోకి నడిచి వచ్చి చెయ్యి చాపాడు. శివ బంతి ఇచ్చేసి బెంచీ వైపు నడిచాడు. అంపైర్ వైపు కోపంగా ఒక్కసారి చూసి ఉంటే సంతోషికి కొంత తేలికగా ఉండేది. అతను తన ఎడమచేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ వెళ్లాడు, అది ఇంకెవరిదో అయినట్టు.

దేశం మొత్తానికి ఆరు జట్లతో పెట్టిన బేస్‌బాల్ లీగ్‌కు ఇది మొదటి సీజన్. ఆఖరి నెల ఆటలన్నీ పాల్మాకుల దగ్గర హైవే పక్కన వేసిన కొత్త మైదానంలో జరుగుతున్నాయి. విమానాలు చక్రాలు దించుకుని నెత్తి మీదుగా పోతుంటాయి. మొదట్లో పిచర్లు వాటి చప్పుడు తగ్గేదాకా ఆగేవాళ్లు, ఇప్పుడు ఎవరూ తలెత్తడం లేదు. మంఖాల్ రైతు ఇంటి పిల్ల, గురుకుల పాఠశాలలో వ్యాయామం నేర్పే సంతోషి పది వారాలు సెలవు పెట్టి ఈ సీజన్‌కు అంపైర్‌గా వచ్చింది. ఉన్న తొమ్మిది మంది అంపైర్లలో ఆడమనిషి ఆమె ఒక్కతే. సీజనంతా ఆమెను మొదటి బేస్ దగ్గరో మూడో బేస్ దగ్గరో నిలబెట్టారు. ప్లేట్ వెనక ఒక్కరోజు కూడా నిలబెట్టలేదు. అయినా ప్రతి ఉదయం చొక్కా ఇస్త్రీ చేసుకునేటప్పుడు దాని మీద కుట్టిన తన పేరును చేత్తో ఒకసారి తడుముకునేది. స్కూలు పిల్లల పోటీలకు సొంత ఈల పట్టుకుని ఊరూరా తిరిగిన మనిషికి ఇదంతా దక్కడమే ఎక్కువ అనుకునేది.

మ్యాచ్ అయ్యాక అంపైర్ల గదిలో హరిప్రసాద్ గారు తడిగుడ్డతో మాస్కు కమ్మీలు ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చున్నారు. బాపట్ల నుంచి ఉద్యోగరీత్యా ఇటు వచ్చి, పీఈటీగా రిటైరై, శంషాబాద్‌లోనే ఉండిపోయిన మనిషి. ఆయన వయసు అరవై ఒకటి. ముప్ఫై ఏళ్లు జిల్లా పోటీలకు బస్సుల్లో నిలబడి వెళ్లి, ఎండలో నిలబడి ఆడించి వచ్చినవాడు. విజయవాడలో ఉన్న మనవడు తాతను ఫోనులో లైవ్‌లో చూసి క్లాసులో అందరికీ చూపించాడట. ఆ సంగతి రెండోసారి చెప్పి నవ్వారు. సంతోషి కూడా నవ్వింది. జేబులో ఉన్న కార్డు మీద ఆమె పెన్సిల్‌తో పెట్టిన పదకొండు చుక్కలున్నాయి. ఆ రోజు ఆయన ఇవ్వని పదకొండు స్ట్రైక్‌లు అవి. కార్డు బయటికి తీయలేదు.

ఆమెకు అంపైరింగ్ నేర్పింది ఆయనే. ఏడేళ్ల కింద మహబూబ్‌నగర్ శిబిరంలో నలభై మంది మగవాళ్ల మధ్య ఆమెను ఎవరో స్కోరు రాసే బల్ల దగ్గర కూర్చోమన్నారు. హరిప్రసాద్ గారు తన మాస్కు విప్పి ఆమె చేతిలో పెట్టి, ప్లేట్ వెనక చోటు చూపించారు. అంతే.

* * *

గురువారం ఆట లేదు. పొద్దున వాకిట్లో సంతోషి తల్లి పోచమ్మ చింతపండు గింజలు తీస్తోంది. కాయ మీద రాయితో చిన్న దెబ్బ, వేలితో ఒక నొక్కు, గింజ జారి చాటలో పడుతుంది. కూతురు ఎదురుగా కూర్చుని అదే పని చేస్తూ గింజలను పండులో, పండును గింజల్లో వేస్తోంది. పోచమ్మ కాసేపు చూసి ఆమె చేతిలోని రాయి తీసుకుంది.

ఏమైందని అడిగితే సంతోషి మొత్తం చెప్పింది. ఆఫీసులో లక్ష్మణ్ సార్ అంపైర్లందరికీ పెద్ద, ఆయనకు ఒక మాట చెబితే చాలు. కానీ అలా చెబితే హరిప్రసాద్ సార్‌ను నలుగురిలో పక్కన పెట్టేస్తారు. చెప్పకపోతే శనివారం నాగ్‌పూర్‌తో ఆఖరి లీగ్ మ్యాచ్ కూడా ఆయనే చేస్తారు. ఆ మ్యాచ్ గెలిస్తేనే హైదరాబాద్ ఫైనల్‌కు పోతుంది. అది కాగానే వచ్చే ఏడాదికి ఎవరిని ఉంచుకోవాలో జట్లు తేల్చుకుంటాయి. శివ పేరు ఉండదని అప్పుడే అనుకుంటున్నారు. తొండుపల్లి పిల్లగాడు, ఎయిర్‌పోర్టులో సరుకు మోసే పని వదులుకుని వచ్చాడు.

పోచమ్మకు ఆట సంగతి తెలియదు. అడిగిందల్లా ఒక్కటే, ఆ సార్ కావాలని చేస్తున్నాడా అని. కాదంది సంతోషి, ఆయన కంటికి ఏదో అయిందని తనకు అనిపిస్తున్నదంది.

"ఇగ ఆఫీసుకు ఎందుకు పోతవ్? ఎన్క అనే మాట ఆయన ముంగటనే అను" అంది పోచమ్మ. "నేర్పినోనికి గదే మర్యాద."

మధ్యాహ్నం దాటాక సంతోషి స్కూటీ మీద శంషాబాద్ వెళ్లింది. హరిప్రసాద్ గారి వాటా మేడ మీద. ఆయన భార్య మాధవీలత టీ ఇచ్చి, ఈ పది వారాల్లో ఆయన పదేళ్లు చిన్నవారైపోయారని, రాత్రిపూట కూడా రూల్ బుక్కు చదువుతున్నారని సంతోషపడుతూ చెప్పి లోపలికి వెళ్లింది. ఆ మాట విన్నాక నోరు తెరవడం ఇంకా కష్టమైంది. టీ అయిపోయింది. ఖాళీ గ్లాసు కాసేపు చేతిలోనే ఉంది.

"సార్, కుడి మూల మీద కిందికి వచ్చే బంతి మీకు కనబడ్తలేదు" అంది చివరికి.

ఆయన మొహంలో ఏమీ మారలేదు. కుర్చీలో కొద్దిగా వెనక్కి జరిగారు. "ఎన్ని?"

"నిన్న పదకొండు."

"నువ్వు మొదటి బేస్ దగ్గరున్నావు. అక్కడి నుంచి బంతి ప్లేటు మీదుగా వెళ్లిందో పక్కగా వెళ్లిందో ఎవరూ చెప్పలేరు. నేనే కదమ్మా నీకు ఆ పాఠం చెప్పింది."

"ఎత్తు కనబడ్తది సార్. పక్క సంగతి హమ్జా గ్లవ్ చెప్తది. గ్లవ్ జరగలేదు." "హర్యానా మ్యాచ్ కాడి నుంచి చూస్తున్న. ఆఫీసుల ఎవ్వరికి చెప్పలేదు. మీకే చెప్తున్న."

కింద బజారులో ఎవరో షట్టరు పైకెత్తిన చప్పుడైంది. ముప్ఫై ఏళ్లలో తన మీద వచ్చిన ఫిర్యాదు ఒక్కటి కూడా లేదని, శివ ఈ మధ్య చెయ్యి తిప్పే తీరే సరిగా లేదని ఆయన అన్నారు. ఆమె లేచి గ్లాసు వంటింట్లో పెట్టి వచ్చి, వెళ్తున్నానన్నట్టు తల వంచింది. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"రేపు పొద్దున్న ఏడింటికి గ్రౌండుకు రా. శివ, హమ్జా ప్రాక్టీసుకు వస్తారుగా. ఇద్దరం నిలబడి చూద్దాం."

ఇంటికి వెళ్లే దారంతా సంతోషికి ఆ గొంతే వినిపించింది. అందులో కోపం లేదు, చనువూ లేదు. ముక్కూ మొహం తెలియని ఆటగాడితో మాట్లాడినట్టుంది. ఏడేళ్లలో ఆయన తనతో అలా మాట్లాడటం అదే మొదటిసారి.

* * *

శుక్రవారం ఏడు కాకముందే ఎండ మట్టి మీదికి వచ్చేసింది. కంచె పక్కన పిచర్లు చెయ్యి వేడి చేసుకునే చోట హరిప్రసాద్ గారు ఒక్కరే ఉన్నారు. చీపురు కట్ట లాంటి చిన్న బ్రష్షుతో ప్లేటు మీద దుమ్ము తుడుస్తున్నారు. రెండు కార్డులు, రెండు పెన్సిళ్లు తెచ్చారు. ఒకటి సంతోషి చేతికిచ్చారు. శివ, హమ్జా వచ్చాక ముప్ఫై బంతులు వేయమన్నారు. ఎందుకో చెప్పలేదు. బంతి పడ్డాక గ్లవ్‌ను కదపవద్దని, తను చాలు అనేదాకా అక్కడే ఉంచమని హమ్జాతో అన్నారు.

ఇద్దరూ హమ్జా వెనక ఒకే చోట వంగి చూశారు. బంతి బంతికీ మారడం కుదరదు కాబట్టి ఆయన హమ్జా ఎడమ భుజం దగ్గర, ఆమె ఆయనకు ఆనుకుని అరచెయ్యి ఎత్తున పైగా నిలబడ్డారు. బంతి పడగానే ఇద్దరూ తల దించి కార్డు మీద గీత గీయడం, తల ఎత్తడం. శివ మొదట బిగుసుకుని వేశాడు. పదో బంతి నుంచి చెయ్యి విడింది. పెన్సిలు గీత చప్పుడు, గ్లవ్‌లో తోలు చప్పుడు, అంతే. పంతొమ్మిదో బంతికి హమ్జా వెనక్కి తిరిగి సంతోషి మొహంలోకి చూశాడు. అతనికి విషయం అర్థమైపోయింది.

ముప్ఫై అయ్యాక హరిప్రసాద్ గారు రెండు కార్డులూ ప్లేటు మీద పక్కపక్కన పెట్టి గొంతుక్కూర్చున్నారు. ఇరవై ఒక్క గీతలు కలిశాయి. తొమ్మిది కలవలేదు. ఆ తొమ్మిదీ ఒకే మూలవి.

"హమ్జా, తొమ్మిదో బంతి, పద్నాలుగు, పంతొమ్మిది" అన్నారు ఆయన. "ఎక్కడ పట్టావు?"

హమ్జా మాస్కు నెత్తి మీదికి తోసుకున్నాడు. బంతుల గురించి అంపైర్‌తో వాదించే ఆటగాడిని బయటికి పంపేస్తారు. సీజనంతా ఆ భయంతో నోరు కట్టుకున్నవాడు. "ప్లేట్ మీదనే సార్" అన్నాడు నెమ్మదిగా. "మొత్తం ప్లేట్ మీదనే ఉండె. నేను గ్లవ్ జర గూడ హిల్లాయించలే."

హరిప్రసాద్ గారు లేచారు. హమ్జాను మళ్లీ కూర్చోమని, గ్లవ్ ఆ మూలన పట్టుకోమని, వెనక తన చోటులో వంగారు. ఎడమ అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని చూశారు. చెయ్యి తీశారు. మళ్లీ మూసి చూశారు. సంతోషి పక్కకు తిరిగి కంచె వైపు చూసింది. ఆ క్షణంలో ఆయన్ని తను చూస్తూ ఉండకూడదనిపించింది.

"మంచు పట్టినట్టుంది" అన్నారు ఆయన. "గ్లవ్ ఉన్నట్టు తెలుస్తోంది. అంచు తెలియడం లేదు. రెండు కళ్లతో చూస్తుంటే ఇన్నాళ్లూ తెలియనే లేదు."

తర్వాత ఆయన నేరుగా శివ దగ్గరికి నడిచారు. పిచర్ నిలబడే ఎత్తు మట్టి మీదికి ఎక్కకుండా కిందనే ఆగి, తల ఎత్తి మాట్లాడారు. "బాబూ, నువ్వు వేసినవి స్ట్రైక్‌లే. నాకు కనబడలేదు. నీ తప్పు లేదు."

శివ బంతి కుట్ల మీద బొటనవేలు పెట్టి రాస్తూ నిలబడ్డాడు. "నాదే తప్పనుకున్న సార్" అన్నాడు. "రెండు వారాల సంది చెయ్యి మార్చి మార్చి ఏస్తున్న. భుజం నొస్తున్నది. ఇంట్ల గూడ చెప్పలే. ఇగ నాకు ఆట పోయిందనుకున్న." బంతిని గ్లవ్‌లో వేసుకున్నాడు. మళ్లీ అన్నాడు, "పోలేదన్నట్టు. మంచిగ చెప్పిన్రు సార్."

అతను కృతజ్ఞతగా అన్న ఆ మాటను హరిప్రసాద్ గారు తట్టుకోలేకపోయారు. కళ్లద్దాలు లేకపోయినా ఉన్నట్టు ముక్కు మీద చెయ్యి పెట్టి సర్దుకున్నారు. తిరిగి నడుస్తూ సంతోషిని తన వెంట రమ్మని సైగ చేశారు.

లక్ష్మణ్ గది ప్రేక్షకుల మెట్ల కింద ఉంది. ఆయన కాగితాల మధ్య నుంచి తల ఎత్తేలోపే హరిప్రసాద్ గారు చెప్పేశారు. తన కుడికన్ను పాడైందని, రేపు ప్లేట్ వెనక తను నిలబడనని, సంతోషి నిలబడుతుందని. లక్ష్మణ్ మంచివాడే. హరిప్రసాద్ గారి కన్ను సంగతి విని నిజంగా బాధపడ్డాడు. కానీ రేపటి మ్యాచ్ సీజన్‌లో పెద్ద మ్యాచ్ అని, స్టాండ్లన్నీ నిండుతాయని, ఈ అమ్మాయి ఒక్కసారి కూడా ప్లేట్ చేయలేదని, బెంగళూరు నుంచి ఇంకో అంపైర్‌ను పిలిపించవచ్చేమో చూస్తానని అన్నాడు. ఫోను కూడా తీశాడు.

"ఒక్కసారి కూడా ఎందుకు చేయలేదో ఆమెకు చెప్పండి" అన్నారు హరిప్రసాద్ గారు.

లక్ష్మణ్ ఇబ్బందిగా చూశాడు. చెప్పలేదు.

"సరే, నేనే చెప్తాను." ఆయన సంతోషి వైపు తిరిగారు. "సీజన్ మొదట్లో ఎవరెవరిని ప్లేట్ వెనక నిలబెట్టవచ్చని వీరు నన్నడిగారు. నీకు ఇంకో ఏడాది పడుతుందని రాసిచ్చాను. అది అబద్ధం. అప్పటికే నువ్వు సిద్ధంగా ఉన్నావు. ఈ ఒక్క సీజన్ నాకే కావాలనిపించింది. నీ మీద కోపమేం కాదమ్మా. ముప్ఫై ఏళ్లు ఎదురుచూసినవాడి ఆశ."

పది వారాలుగా తనను బేస్ దగ్గరే ఆపింది ఈ గదిలో కూర్చున్న లక్ష్మణ్ అనుకుంది సంతోషి. మాస్కు తీసి తన చేతిలో పెట్టిన మనిషే ఆ రాత రాశాడని ఊహకు కూడా రాలేదు. ఆ వెంటనే, ఎవరూ అడగకుండా, తెలిసే దారి కూడా లేని సంగతిని లక్ష్మణ్ ముందు నిలబడి చెప్తున్న ఆ మొహాన్ని చూసింది. ఇంత కష్టమైన మాట తన కోసం ఎవరూ ఎప్పుడూ పలకలేదనిపించింది.

"బంతి తప్పు చెప్తున్నానని ఇన్ని వందల మందిలో కనిపెట్టింది ఈమె ఒక్కతే" అంటున్నారు ఆయన లక్ష్మణ్‌తో. "కనిపెట్టి ముందు నా ఇంటికి వచ్చింది. అంపైర్‌కు ఇంతకంటే ఏం కావాలి?"

లక్ష్మణ్ ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. కాగితం ముందుకు లాక్కుని, హరిప్రసాద్ పేరు కొట్టి పక్కన సంతోషి పేరు రాశాడు.

* * *

శనివారం మూడింటికి ఆట మొదలయ్యేసరికి స్టాండ్లలో చోటు లేదు. తొండుపల్లి నుంచి శివ వాళ్లు రెండు ట్రాలీ ఆటోల్లో వచ్చారు. గదిలో సంతోషి ఛాతీ కవచం బిగించుకుంటుంటే వెనక పట్టీ మెలిపడింది. హరిప్రసాద్ గారు దాన్ని సరిచేసి, రెండు వేళ్లు పట్టేంత వదులు చూశారు. ఆయన ఆ రోజు మూడో బేస్ దగ్గర నిలబడుతున్నారు. అక్కడ చూడవలసింది పరుగెత్తే మనిషిని, అది ఎడమకన్ను చాలినంత పని. తలుపు దగ్గర ఆయన చెప్పింది ఒక్క ముక్క. బంతి గ్లవ్‌లో పడ్డాక ఒక ఊపిరి ఆగి చెప్పమని.

రెండో ఇన్నింగ్స్‌లో ఆమె ఒక తప్పు చేసింది. ఛాతీ పైనుంచి వెళ్లిన బంతికి చెయ్యి లేపింది. నాగ్‌పూర్ బ్యాటర్ తల అడ్డంగా ఊపాడు. తప్పని లేపిన క్షణంలోనే ఆమెకు తెలుసు. దాన్ని ఇంకో తప్పుతో సరిచేయాలని లోపల ఏదో తొందరపెట్టింది. వంగి ప్లేటు తుడిచింది. రెండు వైపులా నిదానంగా తుడిచి, ఆ తొందర పోయేదాకా ఆగి లేచింది. ఆ తర్వాత ఆమెకు జనం వినిపించలేదు. విమానాలు వినిపించలేదు. పిచర్ చెయ్యి, బంతి, గ్లవ్, ఒక ఊపిరి. మోకాళ్లు మండుతున్నాయి, కవచం కింద చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. ఇంత చక్కని పని తన చేతికి ఎవరు ఇచ్చారా అని ఒకసారి మధ్యలో అనిపించింది.

ఆరో ఇన్నింగ్స్ నుంచి హైదరాబాద్ తరఫున శివ వేశాడు. కోచ్‌కు ఎవరు చెప్పారో, హమ్జా చెప్పాడో హరిప్రసాద్ గారే చెప్పారో ఆమెకు తెలియదు. పాత తీరులోనే చెయ్యి తిప్పుతున్నాడు. ఆ మూలకు బంతి వచ్చింది, ఆమె చెయ్యి లేచింది. మళ్లీ వచ్చింది, మళ్లీ లేచింది. బ్యాటర్లు బాల్ అనుకుని వదిలేసి తెల్లబోయి చూశారు. మూడు ఇన్నింగ్స్‌లలో అతను ఒక్కరిని కూడా ఊరికే నడిపించలేదు.

తొమ్మిదో ఇన్నింగ్స్, అంటే ఆఖరిది. హైదరాబాద్ ఒక్క పరుగు ముందుంది. నాగ్‌పూర్‌లో ఇద్దరు అవుట్. ఇంకొక్కడు అవుటైతే హైదరాబాద్ ఫైనల్‌లో ఉంటుంది. కానీ ఒక దెబ్బ, ఒక ఫీల్డర్ పొరపాటు, ఇంకో దెబ్బతో మూడు బేస్‌ల మీదా మనుషులు నిలబడ్డారు. ఈ బ్యాటర్‌కు మూడు బాల్స్, రెండు స్ట్రైక్‌లు అయ్యాయి. ఇప్పుడు మూడో స్ట్రైక్ పడితే అతను అవుట్, ఆట గెలిచినట్టు. బాల్ పడితే బ్యాటర్ నడుస్తాడు, అతనికి చోటిస్తూ ముందున్నవాళ్లందరూ ఒక్కో బేస్ జరుగుతారు, మూడో బేస్‌లో ఉన్నవాడు ఊరికే హోమ్ ప్లేట్‌కు వచ్చేస్తాడు, స్కోరు సమానమవుతుంది.

హమ్జా ఆ మూలనే గ్లవ్ తెరిచాడు. శివ వేశాడు.

బంతి ప్లేటు అంచు మీదుగానే వచ్చింది. బ్యాటర్ కదల్లేదు. వస్తూ వస్తూ చివరి అడుగులో అది దిగింది. మోకాలి కింది గీతను అంటకుండా, బంతి మందంలో సగమంత కిందగా దిగి గ్లవ్‌లో పడింది. హమ్జా గ్లవ్ కదపకుండా పట్టుకున్నాడు. స్టాండ్లన్నీ లేచి నిలబడ్డాయి. శివ అప్పటికే చేతులు పైకెత్తి రెండడుగులు ముందుకు వచ్చాడు.

సంతోషి ఒక ఊపిరి ఆగింది. ఈ అబ్బాయికి రెండు వారాల్లో ఎన్ని అన్యాయాలు జరిగాయో ఈ మైదానంలో తన కంటే ఎవరికీ ఎక్కువ తెలియదు. కుడి పిడికిలి తొడ పక్కన బిగుసుకుంది. లేవలేదు.

"బాల్" అంది.

ముందు ఎవరికీ వినిపించలేదు. మూడో బేస్‌లోని నాగ్‌పూర్ ఆటగాడు నడుచుకుంటూ వచ్చి ప్లేటు మీద కాలు పెట్టాక స్టాండ్లకు అర్థమైంది. అప్పుడు లేచిన అరుపు ఆమె వీపు మీద పడింది. కోచ్ బెంచీ మీది నుంచి లేచి ఆగిపోయాడు. శివ చేతులు దించి, పిచర్ చోటుకు తిరిగి వెళ్లి నిలబడ్డాడు. తర్వాతి బ్యాటర్ రెండో బంతిని కుడివైపు ఖాళీలోకి కొట్టాడు. రెండు పరుగులు వచ్చాయి. హైదరాబాద్ తన వంతులో ఏమీ చేయలేకపోయింది. ఇక్కడి సీజన్ అక్కడితో అయిపోయింది.

ఆటగాళ్లు వరుసగా నిలబడి చేతులు కలుపుకుంటుంటే సంతోషి మాస్కు చంకలో పెట్టుకుని తల దించుకోకుండా నడిచింది. కంచె అవతల నుంచి ఎవరో ఆమె ఊరి పేరు పెట్టి తిట్టారు. గేటు దగ్గర శివ నిలబడి ఉన్నాడు. భుజానికి మంచుగడ్డల సంచి కట్టుకున్నాడు. సీజనంతా అందరిలాగే ఆమెను మేడమ్ అనేవాడు.

"అక్కా" అన్నాడు. "అది కిందికి దిగింది. చేతుల నుంచి పోంగనే నాకు ఎరుకైంది."

ఆమె మాస్కు చంకలోంచి చేతిలోకి తీసుకుంది.

"నువ్వు దాన్ని స్ట్రైక్ అని ఉంటే, ఇయ్యాల నువ్విచ్చినయన్ని గూడ జాలిపడి ఇచ్చినవే అనుకుందును" అన్నాడు శివ. "ఇప్పుడు గవన్ని నావే. నేనేసినయే." అతని కళ్లు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. "వచ్చే నెల క్యాంపుకు రమ్మన్నడు కోచ్. పోయొస్త అక్కా."

తొండుపల్లి వాళ్లు అతన్ని ట్రాలీ ఆటో ఎక్కించుకుని వెళ్లారు. ఓడిపోయినవాళ్లలా లేరు. ఎవరో డప్పు కూడా కొడుతున్నారు.

ఎండ పోయి ఇంకా వెలుగు ఉండగానే సంతోషి స్కూటీ తోసుకుంటూ హైవే మీదికి వచ్చింది. పక్కన హరిప్రసాద్ గారు కిట్ బ్యాగు మోసుకుంటూ నడుస్తున్నారు. సోమవారం కంటి దవాఖానకు వెళ్తానని, పొర తీయడం ఇప్పుడు పెద్ద పనేం కాదని మాధవీలతకు పొద్దునే చెప్పేశానని అన్నారు. రెండో ఇన్నింగ్స్‌లో ఆ పై బంతి తప్పు చెప్పావని కూడా అన్నారు. తెలుసు సార్ అంది ఆమె. ఆఖరి బంతి గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు. బస్టాపు దగ్గర ఆమె స్కూటీ మీద దింపుతానంటే ఆయన వద్దన్నారు, మంఖాల్ ఇటు కాదుగా, చీకటి పడేలోపు నువ్వు ఇల్లు చేరు అని.

ఆమె వెళ్లకుండా నిలబడింది. షాద్‌నగర్ వైపు నుంచి రెండు మూడు బండ్లు వెలుగులు వేసుకుని వస్తున్నాయి. ఆయన కళ్లు చికిలించి చూశారు. కాసేపు ప్రయత్నించారు. తర్వాత చూడటం మానేసి ఆమె వైపు తిరిగారు.

"వెనక వచ్చేది బస్సేనా? మీద ఏం రాసుందో కాస్త చదివి చెప్పమ్మా."

సంతోషి చదివి చెప్పింది, శంషాబాద్ మీదుగా అఫ్జల్‌గంజ్ పోతుందని. ఆయన తల ఊపి, బ్యాగు భుజానికి వేసుకుని, బస్సు ఆగేదాకా ఆమె మోచెయ్యి పట్టుకుని నిలబడ్డారు.